లెక్కకు రాని బుట్ట

ఏడు వందల బొత్తాలకు సంతకం పెడితేగాని ఇచ్చేది లేదని స్టోరు గుమాస్తా పట్టుబట్టడంతో సోమవారం నాటి కమిటీ పావుగంట ఆలస్యంగా మొదలైంది. అవి చొక్కాల ఆర్డరు పోయాక స్టోరులో మిగిలిపోయిన తెల్ల బొత్తాలు. ఇప్పుడు లైనులో కుట్టేవన్నీ ఆసుపత్రి గౌన్లు. వాటికి నాడాలే తప్ప బొత్తాలుండవు కాబట్టి అవి ఎవరికీ అక్కర్లేదు. అయినా గుమాస్తా లెక్క గుమాస్తాది. పైగా అతనూ కమిటీలో ఒక సభ్యుడు. అందరి చేతా సంతకాలు పెట్టించి, చివర్న తన వాటా వంద బొత్తాలకు తన పుస్తకంలో తనే సంతకం పెట్టుకుని, అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన సారు ఇదంతా ఓపిగ్గా చూశాడు. ఒక్కొక్కరి ముందు ఒక ట్రే పెట్టించాడు. ట్రేలో అయిదు కాగితం కప్పులు. ఒకదాని మీద వేగం అని, ఒకదాని మీద నాణ్యత అని, మిగతావాటి మీద హాజరు, మెషీన్లు, నడవడిక అని రాసి ఉంది. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా ఆయన్ని కప్పుల సారు అనడం మొదలుపెట్టింది.

ఆర్డర్లు తగ్గాయి, లైనులో ఉన్న ముప్ఫైమంది టైలర్లలో ఆరుగురిని ఈ నెలాఖరుకి తీసేయాలి, ఇది మీకందరికీ తెలిసిందే అన్నాడు కప్పుల సారు. ఎవరిని తీయాలో మేనేజరు చెబితే మొహం చూసి బొట్టు పెట్టినట్టుంటుంది. అందుకని ఆ పని ఎవరూ చెయ్యరు. ఏ గుణానికి ఎంత విలువ ఇవ్వాలో మాత్రం ఈ ఏడుగురూ కలిసి తేలుస్తారు. వంద బొత్తాలను అయిదు కప్పుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పంచాలి. ఇవాళ ఒకసారి, బుధవారం ఒకసారి, శుక్రవారం చివరిసారి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఎవరెన్ని కుట్టారు, ఎన్ని రిజెక్టయ్యాయి, మూడు నెలల్లో ఎన్ని సెలవులు పెట్టారు అనే లెక్కలను ఆ విలువలతో గుణిస్తే పేర్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

"పాము చావకుండా, కర్ర విరక్కుండా," అని మెకానిక్కు కటింగ్ మాస్టరు చెవిలో గొణిగాడు. మాస్టరు నవ్వాపుకున్నాడు.

చెకింగ్ టేబులు తరఫున వచ్చినావిడకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళుగా ఆవిడ చేతిలో గుర్తులు పెట్టే సుద్దముక్క ఉంటూనే ఉంది కాబట్టి ఆవిడను అందరూ సుద్దమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడి నుంచి బయటికి రాలేదు. లైనులో పద్నాలుగో మెషీను మీద కూర్చునేది ఆమె ఆడపడుచు. మొగుడితో పడక నాలుగేళ్ళ పాపను చంకనేసుకుని రెండేళ్ళ కిందట అన్న ఇంటికి వచ్చేసింది. ఈ ఉద్యోగం వేయించింది సుద్దమ్మే.

అందుకే సుద్దమ్మ బొత్తాలు పంచేటప్పుడు న్యాయం గురించి ఆలోచించలేదు. పద్నాలుగో మెషీను గురించి ఆలోచించింది. ఆ పిల్లది వేగమైన చెయ్యి, రోజుకి నలభై నాలుగు గౌన్లు. రిజెక్టుల రిజిస్టరులో ఆమె నంబరు ఎదురుగా ఏమీ ఉండదు. సెలవులే కొంప ముంచేవి. పాపకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఒక సెలవు, మూడు నెలల్లో పదకొండు. వేగంలో నలభై ఎనిమిది, నాణ్యతలో నలభై అయిదు వేసింది. మెషీన్లకు నాలుగు, నడవడికకు మూడు. హాజరు కప్పును ఖాళీగా వదిలేసి, ఎవరైనా చూశారేమోనని ట్రే మీద మూత పెట్టేసింది.

కప్పుల సారు ట్రేలు కలిపేసి, ఏది ఎవరిదో తెలియకుండా ఒక్కో కప్పు లెక్కపెట్టి బోర్డు మీద రాశాడు. హాజరు కింద ఏడు అంకెలు పడ్డాయి. అందులో ఒకటి సున్నా. ఆయన అన్నిటికంటే పెద్ద అంకె మీద ఒక గీత, చిన్న అంకె మీద ఒక గీత గీశాడు.

"ఎవరి సొంత లెక్కలు వాళ్ళకుంటాయి కదా," అన్నాడు నవ్వుతూ. "అందుకే ఈ చివరదీ ఆ చివరదీ కొట్టేసి, మధ్యలో ఉన్న అయిదే తీసుకుంటాం."

తన సున్నా మీద గీత పడుతుంటే సుద్దమ్మ తల దించుకుంది. దొంగతనం చేస్తూ పట్టుబడినా అంత సిగ్గేసేది కాదు.

చివరికి వేగానికి ముప్ఫై ఎనిమిది, నాణ్యతకు ముప్ఫై తేలాయి. హాజరుకు పద్నాలుగు, మెషీన్లకు పది, నడవడికకు ఎనిమిది. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడండి అంటూ ఆయన పోయిన వారం లెక్కలు కంప్యూటరులో వేసి గోడ మీద చూపించాడు. ముప్ఫై పేర్లు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఆడపడుచు తొమ్మిదో చోట ఉంది. సుద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాతే కిందికి చూసింది.

ముప్ఫయ్యో పేరు మేనత్తది.

మేనత్త ఎవరికి మేనత్తో ఎవరికీ తెలియదు. లైను మొత్తానికీ మేనత్తే. పొద్దున అందరికంటే ముందు వచ్చి, తన మెషీనుకు నూనె వేసుకుని, పక్కవాళ్ళ మెషీనుకు కూడా ఒక చుక్క వేసిపోయే మనిషి. ప్యాకింగ్ విభాగం నుంచి వచ్చినావిడ ఉండబట్టలేక, మేనత్తేంటండీ అట్టడుగున, అని అడిగింది. కప్పుల సారు లెక్క చూసి చెప్పాడు. మిగతావాళ్ళు రోజుకి నలభై కుడుతుంటే ఈవిడ ఇరవై రెండు కుడుతోంది, వయసు మీద పడింది కాబోలు.

లైను సూపర్‌వైజరు తన బూట్ల వంక చూసుకున్నాడు. సుద్దమ్మ తన చేతిలోని సుద్దముక్క వంక చూసుకుంది.

*

ఏడు వందల బొత్తాలకు సంతకాలు అడిగిన మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. మంగళవారం పొద్దున్నకల్లా ఎవరెన్నో చోట ఉన్నారో లైనంతటికీ తెలిసిపోయింది. మెషీన్ల చప్పుడు మామూలుకంటే ఎక్కువగా ఉంది. ఎవరూ నీళ్ళకు లేవడంలేదు. మూత్రానికి వెళ్ళినవాళ్ళు పరుగున వెళ్ళి పరుగున వస్తున్నారు.

సుద్దమ్మ టేబులు లైను చివర, ట్యూబులైటు కింద ఉంటుంది. గౌను వచ్చిందంటే ముందు మెడ, తర్వాత రెండు భుజాలు, చేతి జాయింట్లు లోపలి నుంచీ బయటి నుంచీ, చివర్న నాడాలు గట్టిగా లాగి చూడడం. ఒక్కోదానికి నిమిషం కూడా పట్టదు. పద్నాలుగో నంబరు చీటీ ఉన్న గౌను వచ్చింది. ఎడమ చేతి జాయింటు దగ్గర బట్ట ముడత పడి, కుట్టు కింద రెండు పొరలు దొర్లాయి. గట్టిగా లాగితే అక్కడే పిగులుతుంది. సుద్దమ్మ ముడత చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీసింది.

ఆ తర్వాత చెయ్యాల్సిన పని ఫ్యాక్టరీ నిబంధనల్లో రాసి ఉంది. రిజిస్టరులో టైలరు నంబరు వెయ్యాలి, ఎర్ర చీటీ కట్టాలి, గౌను ఆ టైలరుకే తిప్పి పంపాలి, ఆ రోజు లెక్కలోంచి ఒకటి తగ్గించాలి. కానీ సుద్దమ్మ టేబులు కింద ఒక నీలం ప్లాస్టిక్ బుట్ట ఉంది. ఆమె చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళింది. గౌను బుట్టలో పడింది.

పదకొండు గంటలప్పుడు మేనత్త నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. రోజూ అలాగే వస్తుంది. వెళ్ళేటప్పుడు సీసాతో పాటు బుట్ట కూడా నడుమున పెట్టుకుని వెళ్ళిపోతుంది. కుట్లు విప్పే చిన్న కొక్కెంతో ముడత దగ్గర నాలుగు అంగుళాలు విప్పి, బట్టను వేలితో సాపుచేసి, మళ్ళీ కుట్టి, సుద్ద గుర్తు తడిగుడ్డతో తుడిచేస్తుంది. సాయంత్రానికి బుట్ట ఖాళీ. ఏ గౌను ఎవరిదో ఆ చీటీతోనే మంచివాటిలో కలిసిపోతుంది. రిజిస్టరు తెల్లగా ఉంటుంది. లైనులో రిజెక్టులు నూటికి ఒకటి కూడా లేవని సూపర్‌వైజరుకు రెండుసార్లు మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది.

"తెలిసిందా?" అంది సుద్దమ్మ, తలెత్తకుండానే.

"అట్టడుగున ఉన్నానట కదా. మంచిదే. ఇంక కింద పడడానికి చోటు లేదు." మేనత్త సీసా మూత బిగించింది.

ఈ నాలుగు రోజులూ బుట్ట ముట్టుకోవద్దని సుద్దమ్మ గొంతు తగ్గించి చెప్పింది. నీ మెషీను మీద నువ్వు కూర్చో, నీవి నువ్వు కుట్టుకో అంది. మేనత్త వంగి, బుట్టలోని చీటీలు వేలితో ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"నీ ఆడపడుచువే అయిదున్నాయి ఇందులో అప్పుడే. నేను ముట్టుకోకపోతే ఇవన్నీ దాని నెత్తినే కదా పడేది. పసిదాన్ని పెట్టుకుని అది ఎక్కడికి పోతుందే?"

"మరి నువ్వు?"

మేనత్త బుట్ట నడుమున పెట్టుకుని రెండడుగులు వేసి, ఆగి, మెల్లగా అంది. "పింఛనుకి పద్నాలుగు నెలలే తక్కువ, సుద్దమ్మా. పద్నాలుగంటే పద్నాలుగే." ఎవరో వింటున్నట్టు నవ్వేసి, వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు అడక్కుండానే గిన్నెలు తోమింది. రెండేళ్ళలో సింకు దగ్గరికి పోని మనిషి, మాడిపోయిన మూకుడు కూడా ఇసుకపొడి వేసి రుద్దింది. భర్త బల్ల దగ్గర కూర్చుని పాపకు ఆయాసం మందు గొట్టం పట్టిస్తూ, మన పిల్ల సంగతి చూసుకున్నావు కదా అని అడిగాడు. చూసుకున్నానంది. తొమ్మిదో చోటట కదా అన్నాడు. అవునంది. మరెందుకలా ఉన్నావు అన్నాడు. తలనొప్పి అంది.

ఆడపడుచు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి వదిన పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత ధీమా కనిపించింది.

"సెలవులు ఎక్కువైనా పర్లేదు, వదినా. ఈ ఏడాదిలో నా గౌను ఒక్కటైనా రిజెక్టయిందా చెప్పు. ఆ సారుకి కళ్ళున్నాయిగా."

సుద్దమ్మ ఆమె వంక చూసింది. వేళాకోళం కాదు. ఆ పిల్ల నిజంగానే నమ్ముతోంది. లైనులో ముప్ఫైమందిలో ఎక్కువమంది అలాగే నమ్ముతున్నారు. ఏదో ఒకటీ అరా మేనత్త సర్దిందని తెలిసినవాళ్ళకు కూడా, ఆ ఒకటీ తమదేననీ, మిగతావాళ్ళందరూ సక్రమంగా కుడుతున్నారనీ నమ్మకం. రోజుకి నలభై గౌన్లు ఆ బుట్టలోంచి పోతున్నాయన్న సంగతి ఇద్దరికే తెలుసు. సూపర్‌వైజరుకు తెలిసీ తెలియదు.

ఆ రాత్రి సుద్దమ్మ ఎన్నిసార్లు పక్క మార్చినా లెక్క మారలేదు. బుట్ట నిండితే మేనత్త పోతుంది. బుట్ట నిండకపోతే ఆడపడుచు పోతుంది.

*

బుధవారం సుద్దమ్మ తెలివి ప్రదర్శించింది. మేనత్తకు ఈ ఫ్యాక్టరీలో ఉన్న అన్ని రకాల మెషీన్లూ వచ్చు. ఆ ముక్క పట్టుకుని, మెషీన్ల కప్పులో ఒకేసారి డెబ్బై బొత్తాలు పోసింది. కప్పు నిండి రెండు బొత్తాలు ట్రేలో దొర్లాయి. వాటిని తీసి మళ్ళీ వేసింది.

"ఎవరో మెషీన్లకు డెబ్బై వేశారండోయ్," అన్నాడు కప్పుల సారు ఉత్సాహంగా. అందరూ మెకానిక్కు వంక చూసి నవ్వారు. మెకానిక్కు ఒట్టేసి కాదన్నాడు. సారు డెబ్బై మీద గీత గీశాడు. మెషీన్ల విలువ పదే మిగిలింది. వేగం మాత్రం మూడు పెరిగి నలభై ఒకటైంది.

ఒక్క చేతితో ఇది జరిగేది కాదని సుద్దమ్మకు అర్థమైంది. ఎంత ఎక్కువ వేస్తే అంత సులువుగా కొట్టేస్తారు. ఇంక నోరు విప్పడం ఒక్కటే మిగిలింది. గొంతు సవరించుకుంది. ఆ గదిలో ఆమె అంతవరకూ మాట్లాడలేదు కాబట్టి అందరూ తిరిగి చూశారు.

"ఇంకో కప్పు పెడితే బాగుంటుంది, సార్."

"దేనికి?"

"పక్కవాళ్ళ తప్పులు సరిచేసే పనికి."

కప్పుల సారు దాన్ని కొట్టిపారెయ్యలేదు. పెన్ను తెరిచాడు కూడా. మంచి మాటే, కాని దేనికైనా కొలత ఉండాలి కదా, ఎవరు ఎన్ని సరిచేశారో ఎక్కడైనా రాసి ఉంటే ఇప్పుడే ఆరో కప్పు పెడదామన్నాడు. రాసి ఉందా అని అడిగాడు.

సూపర్‌వైజరు అందుకున్నాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు, తమ లైనులో అసలు తప్పులే లేనప్పుడు సరిచెయ్యడం ఎక్కడి నుంచి వస్తుందని. కావాలంటే రిజిస్టరు చూసుకోమన్నాడు. ఆ మాట అంటూ సుద్దమ్మ వంక ఒక్కసారి చూశాడు. అందులో బెదిరింపు లేదు. ఆ చూపు బతిమాలుతున్నట్టుంది, అదే ఆమెను ఇంకా భయపెట్టింది. రిజిస్టరు రాయాల్సింది ఎవరు? రాయనిది ఎవరు? పన్నెండేళ్ళు తెల్లగా ఉంచిన చేతులు ఎవరివి?

రాసి లేదు సార్, అని కూర్చుంది సుద్దమ్మ. ఆయన పెన్ను మూసేశాడు.

*

గురువారం పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చింది, మేనత్త కంటే ముందు. టేబులు కిందికి వంగి నీలం బుట్టను బయటికి లాగింది. అడుగున సుద్దపొడి, రెండు దారప్పోగులు ఉన్నాయి. వాటిని దులిపి, బుట్టను నేల మీద బోర్లించి, దాని మీద తన కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కొత్త ఎర్ర చీటీల కట్ట విప్పింది. ఆ కట్టకు కట్టిన తాడు దుమ్ము పట్టి గట్టిపడింది. పళ్ళతో లాగాల్సి వచ్చింది.

మొదటి ఎర్ర చీటీ ఆరో మెషీనుకు వెళ్ళింది. రెండోది ఇరవయ్యో మెషీనుకు. మూడోది పద్నాలుగుకు. సుద్దమ్మ నంబరు రాసేటప్పుడు పెన్ను నొక్కి రాసింది, లేకపోతే అంకె పడేలా లేదు. గంటలో ఎనిమిది. లైనులో మెషీన్లు అక్కడొకటి ఇక్కడొకటి ఆగడం మొదలైంది. మెషీను ఆగిన చోటల్లా ఒక తల తిరిగి చెకింగ్ టేబులు వంక చూస్తోంది.

ఆడపడుచు లేచి వచ్చింది. చేతిలో మూడు గౌన్లు, మూడు ఎర్ర చీటీలు.

"ఇదేంటి, వదినా?"

"చేతి జాయింటు దగ్గర ముడత."

"నేను రోజూ ఇలాగే కుడతానే."

"రోజూ ఇలాగే వస్తోంది," అంది సుద్దమ్మ.

ఆడపడుచు చీటీలు ఒక్కొక్కటే తిప్పి నంబరు చూసుకుంది. వెనకాల ఇంకొకరు ఎర్ర చీటీతో వచ్చి నిలబడేసరికి తిరిగి వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు మేనత్త నీళ్ళ సీసాతో వచ్చింది. టేబులు కింద చెయ్యి పెట్టబోయి, బోర్లించిన బుట్టనూ దాని మీద ఉన్న కాళ్ళనూ చూసింది. ఆమె ముఖంలో సంతోషమైతే కనిపించలేదు. ఎవరిని అడిగి చేశావే ఈ పని, అని పళ్ళ బిగువున అడిగింది. ఎవర్నీ అడగలేదంది సుద్దమ్మ. మేనత్త ఖాళీ నడుముతో వెనక్కి వెళ్ళింది. కొంతసేపు మెషీను ముందు ఊరికే కూర్చుంది. అలవాటైన కొక్కెం తీసింది, విప్పడానికి ఏమీ లేక కింద పెట్టింది. తర్వాత కత్తిరించిన బట్టల కట్ట దగ్గరికి లాక్కుంది.

ఆమె ఎలా కుడుతుందో లైనులో చాలామంది అంతకుముందు చూడలేదు. చూద్దామన్నా ఆమె ఎప్పుడూ విప్పుతూనే ఉండేది. భుజం కుట్టి ఆపకుండానే బట్ట తిప్పుతుంది, చెయ్యి జాయింటు దగ్గర ఎడమ బొటనవేలితో పై పొరను వెనక్కి తోస్తుంది, దారం తెంపేలోగా రెండో భుజం సూది కిందికి వచ్చేస్తుంది. సాయంత్రానికి ఆమె చీటీతో నలభై ఆరు గౌన్లు వచ్చాయి. సుద్దమ్మ ఒక్కోదాన్నీ లోపలా బయటా తిప్పి చూసింది, మామూలుకంటే ఎక్కువసేపు. సుద్ద ఎక్కడా పెట్టాల్సిన అవసరం రాలేదు.

సూపర్‌వైజరు నాలుగు గంటలకు వచ్చి రిజిస్టరు తిరగేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కరోజులో ముప్ఫై తొమ్మిదా, అన్నాడు. నిన్నటిదాకా ఎన్నో ఇవాళా అన్నే సార్, రాస్తున్నాను, అంతే, అంది సుద్దమ్మ. గట్టిగా అరుద్దామనుకున్నాడు కాని, అరిస్తే బుట్ట సంగతి తన నోటితో తనే చెప్పాల్సి వస్తుంది. రిజిస్టరు మూసి పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గిన్నెలు సుద్దమ్మే తోముకుంది. ఆడపడుచు పాపను తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. భర్త వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు.

"కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?" అన్నాడు.

సుద్దమ్మ నీళ్ళు ఆపింది. జరిగిందంతా చెప్పాలనిపించింది, బుట్ట గురించి, పద్నాలుగు నెలల గురించి. కాని చెప్పేకొద్దీ అది వదిన ఆడపడుచు మీద కక్ష తీర్చుకున్న కథలాగే వినిపిస్తుందని ఆమెకు తెలుసు. నీళ్ళు మళ్ళీ తిప్పింది.

*

శుక్రవారం మేనత్త నలభై తొమ్మిది కుట్టింది. ఆడపడుచు లెక్క తిప్పి పంపినవి పోగా ఇరవై తొమ్మిదికి పడింది. తప్పు సరిచెయ్యడానికి విప్పితే బట్ట చిరుగుతోంది. విప్పడం ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు.

నాలుగింటికి కమిటీ కూర్చుంది. రెండు రోజుల్లో డెబ్బై తొమ్మిది రిజెక్టులు చూసి కప్పుల సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సూపర్‌వైజరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బుధవారం సాయంత్రం కొత్త దారం వచ్చిందని, అది నాసిరకమని, అందువల్ల ఈ రెండు రోజుల లెక్క పక్కన పెట్టి మొదటి రెండు రోజులే తీసుకోవాలని అన్నాడు. కటింగ్ మాస్టరు తలూపాడు. స్టోరు గుమాస్తా ఏ దారం, ఎప్పుడు వచ్చింది అనబోయి, సూపర్‌వైజరు ముఖం చూసి మానుకున్నాడు.

"చెకింగ్ ఆవిడ ఏమంటారు?" అన్నాడు కప్పుల సారు.

ఇప్పుడు అవును అంటే చాలు. ఆడపడుచు తొమ్మిదో చోటికి తిరిగి వెళుతుంది, తన ఉద్యోగం ఉంటుంది, మొగుడు ఎప్పటిలా మాట్లాడతాడు.

"దారం పాతదేనండి," అంది. "రిజిస్టరే కొత్తది."

కప్పుల సారు రిజిస్టరు దగ్గరికి లాక్కుని పాత పేజీలు తిప్పాడు. మరి పన్నెండేళ్ళ రిజిస్టరు సంగతేమిటి అని ఆయన అడగలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, ఆ విషయం మీతో సోమవారం విడిగా మాట్లాడతాను, అన్నాడు. నాలుగు రోజులూ లెక్కలోకి వస్తాయన్నాడు. బొత్తాలు పంచమన్నాడు.

సుద్దమ్మ ఈసారి ఎవరి ముఖమూ తలుచుకోకుండా పంచింది. గౌను తిరగేసి చూసినప్పుడు మంచిదనిపించాలంటే ఏం కావాలో ఆలోచించి వేసింది. ఆ అంకెల్లో ఏదీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మొదటిసారి ఆమె బొత్తాల మీద గీత పడలేదు.

*

శనివారం మధ్యాహ్నం గేటు పక్కన బోర్డు మీద కాగితం అంటించారు. మేనత్త పంతొమ్మిదో పేరు. ఇరవై నాలుగు పేర్ల కింద ఒక గీత, ఆ గీత కింద మొదటి పేరు పద్నాలుగో మెషీనుది.

గుంపులోంచి మేనత్త బయటికి వచ్చి సుద్దమ్మ పక్కన నిలబడింది. తన చేతులు ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"నలభై తొమ్మిది కుట్టానే, సుద్దమ్మా. నాకే తెలియదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు సంతోషానివో కావో సుద్దమ్మకు తెలియలేదు, బహుశా మేనత్తకు కూడా తెలియదు. "ఆ పిల్ల ముఖం నేనెలా చూడనే ఇప్పుడు?" అని, జవాబు కోసం ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

వదినా ఆడపడుచులు ఇంటికి కలిసే నడిచారు. రోజూ నడిచే దారి, అదే కాలిబాట, అదే మందుల షాపు. మందుల షాపు దగ్గర సుద్దమ్మ బుట్ట గురించి చెప్పింది. మొత్తం చెప్పింది. రోజుకి నలభై అని, అందులో నీవి పది, పదకొండు అని, రెండేళ్ళ నుంచీ అని. చెప్పేటప్పుడు ముందుకే చూసింది. ఆడపడుచు తిడుతుందని, ఏడుస్తుందని, నా మీద ఎప్పటి నుంచి ఈ కోపమని అడుగుతుందని సుద్దమ్మ ప్రతి అడుగుకీ ఎదురుచూసింది. ఏ మాటకు ఏం చెప్పాలో మనసులో సర్దిపెట్టుకుంది కూడా.

ఇంటికి వచ్చాక ఆడపడుచు పాపను అన్న చేతికిచ్చింది. సంచిలోంచి ఒక గౌను తీసి బల్ల మీద పరిచింది. ఎర్ర చీటీతో వచ్చి, విప్పబోతే చిరిగి, పనికిరాదని పక్కన పడేసిన గౌను. చేతి జాయింటు లోపలి వైపు తిరగేసింది.

"రెండేళ్ళు," అంది. ఆమె గొంతులో సుద్దమ్మ సిద్ధపడిన మాటలేవీ లేవు. "మొదటిరోజే ఒక్కసారి తిప్పి పంపి ఉంటే నేర్చుకునేదాన్ని కదా, వదినా. పద్నాలుగో మెషీను మీద కూర్చున్నంత కాలం నాకు పని వచ్చనే అనుకున్నాను."

మేనత్తకు చేసిన అన్యాయమే కనిపించింది సుద్దమ్మకు ఈ వారమంతా. ఆ బుట్ట రెండు వైపులా తిన్నదని ఇప్పుడే తెలిసింది. క్షమించమందామన్నా ఆ మాట చిన్నదిగా ఉంది. భర్త పాపను ఎత్తుకుని గడపలోనే నిలబడిపోయాడు.

ఆడపడుచు గౌనును వదిన వైపు జరిపింది. రేపో ఎల్లుండో ఇంకో చోట మెషీను ముందు కూర్చోవాలి కదా, అంది. అక్కడ బుట్టలుండవు.

"చెప్పు. ఎక్కడ పోతోంది?"

సుద్దమ్మ తన సంచిలో వెతికింది. సుద్దముక్క గోరంత మిగిలింది. ఆడపడుచు ఎడమచేతి బొటనవేలు పట్టుకుని బట్ట పై పొర మీద పెట్టి, కొంచెం వెనక్కి తోయించి, ముడత పుట్టే చోట సన్నగా ఒక గీత గీసింది.

"ఇక్కడ," అంది.